మద్దిచెట్టుకు అవతల

సింగారం కొమురెల్లికి అరవై ఏళ్లు వచ్చేదాకా తన పేరు మీద వచ్చిన ఉత్తరం ఒక్కటే. పద్దెనిమిదేళ్లు ఊళ్లవాళ్ల జాబులు భుజాన మోసిన మనిషికి తనదంటూ దక్కింది ఒక కార్డు ముక్క. దాన్ని కూడా ఐదేళ్లపాటు ఎవరూ చదవలేదు. ఎవరో చదివి చెప్పిన మూడోనాడు ఆయన పెండ్లాన్ని వెంటబెట్టుకుని అడవిబాట పట్టాడు.

సింగారం ఆదిలాబాదు జిల్లాలో, లక్సెట్టిపేటకు పైన, చేన్లు ఆగిపోయి టేకడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఊరి వెనక నుంచి ఉత్తరానికి ఒక పాతబాట పోతుంది. దాని పేరు ఉప్పుబాట. రైళ్లు రాకముందు లంబాడీల మోత ఎద్దులు మందలు మందలుగా ఉప్పు బస్తాలతో ఆ దారినే మహారాష్ట్రం వైపు నడిచేవట. బరువుతో ఉన్న ఎద్దులు తమ తీరున పరిచిన బాట కనుక ఎక్కడా నిలువుగా ఎక్కేది లేదు. గుట్ట ఎదురైతే దాని నడుము చుట్టి పోతుంది. వాగు ఎదురైతే లోతు లేని చోటు చూసుకుని దాటుతుంది. ముసలీ ముతకా కూడా మాట్లాడుకుంటూ నడిచిపోవచ్చు. అలా మూడు కోసులు పోతే పెద్దవాగు వస్తుంది. వాగుకు ఇవతలి గట్టున ఏరుమద్ది చెట్టు ఉంది.

ఆ చెట్టును చూసినవాడు మళ్లీ మరిచిపోడు. అడవంతా నల్లగా, బూడిదరంగుగా ఉంటే దాని మాను ఒక్కటే సున్నం పూసినట్టు తెల్లగా, నున్నగా దూరానికే కనిపిస్తుంది. ఐదుగురు మొగవాళ్లు చేతులు చాపి చుట్టూ నిలబడితేగాని అందదు. మొదలు దగ్గర ఒక తొర్ర ఉంది, వాన వస్తే ఇద్దరు కూర్చోవచ్చు. దాని వయసు చెప్పగలిగినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఏ ముసలాయన్ని అడిగినా, "మా తాత చిన్నగున్నప్పుడే గది గంత ఉండెనట" అనేవాడు.

కొమురెల్లి టప్పాలో చేరింది నైజాం కాలంలో, తన ముప్పై అయిదో ఏట. టప్పా అంటే ఇప్పటి పోస్టు. పొద్దు పొడిచేసరికి నడుముకు ఇత్తడి బిళ్ల ఉన్న పటకా కట్టి, లక్క ముద్ర వేసిన సంచి భుజానికి తగిలించి, గజ్జెల బల్లెం చేత పట్టి బయలుదేరేవాడు. అడవిలో ఆ గజ్జెల చప్పుడే ఆయనకు తోడు. ఎలుగ్గొడ్లు ఆ చప్పుడు విని పక్కకు తప్పుకునేవి. మద్దిచెట్టు దాకా ఆయన హద్దు. అక్కడికి అవతలి నుంచి, పిప్రి అనే ఊరి నుంచి, ఇంకో టప్పా మనిషి వాగు దాటి వచ్చేవాడు. ఇద్దరూ సంచులు మార్చుకుని ఎవరి దారిన వాళ్లు వెనక్కి తిరిగేవాళ్లు.

ఆ పిప్రి మనిషి పేరు అంబదాస్. పొడుగాటి మనిషి, చెవులకు పోగులు, నోటినిండా మాటలు. ఇంట్లో మరాఠీ, బజారులో తెలుగు, సర్కారువాళ్లతో ఉర్దూ మాట్లాడేవాడు. చెట్టు కింద కొమురెల్లితో మాత్రం ఏ మాట ముందు వస్తే ఆ మాట మాట్లాడేవాడు. మొదటినాడు సంచి అందిస్తూ, "బస్ భావూ, జర కూసో" అన్నాడు. భావూ అంటే మరాఠీలో అన్నా, తమ్ముడా అని. కొమురెల్లి చెవికి అది 'బావా' అని వినిపించింది. ఎవరో కొత్తవాడు అంత ప్రేమగా బావా అని పిలిస్తే కాదనడం ఎందుకని తనూ, "ఏం బావా, ఏ ఊరు మీది?" అని అడిగాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒకడు తమ్ముడనీ, ఒకడు బావనీ పిలుచుకున్నారు. తేడా ఉందని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

రోజూ కూర్చునేది చుట్ట కాలేంత సేపే. అంబదాస్ మాట్లాడేవాడు, కొమురెల్లి వినేవాడు. పిప్రిలో ఎవరి బర్రె ఈనింది, పత్తిచేన్లకు ఏ పురుగు పట్టింది, సక్కుబాయి, అంటే ఆయన భార్య, పొద్దున ఏమని తిట్టింది, బిడ్డ గంగుబాయి ఎట్లా నడక నేర్చింది, అన్నీ చెప్పేవాడు. గంగుబాయి పాలపళ్లు రాలిన సంగతి కూడా కొమురెల్లికి తెలుసు. ఆ పిల్లను ఆయన ఎన్నడూ చూడలేదు. హద్దు దాటి అవతలికి పోవలసిన పని ఏనాడూ పడలేదు మరి. పొద్దు గుంకకముందే సింగారంలో సంచి అప్పజెప్పాలి.

"ఒక్కసారి మా ఇంటికి రారాదు?" అని అంబదాస్ ఏడాదికి పదిసార్లు అడిగేవాడు.

"వస్త బావా, ఎందుకు రాను" అని కొమురెల్లి పదిసార్లూ అనేవాడు.

వానాకాలం వాగు నిండుగా పారితే ఇద్దరూ చెరో గట్టున నిలబడేవాళ్లు. మద్దిమాను నుంచి అవతలి తునికి చెట్టుకు ఒక మోకు కట్టి ఉండేది. దాని మీద సంచులు గుంజుకునేవాళ్లు. నీళ్ల హోరులో ఏమీ వినపడేది కాదు. అయినా అంబదాస్ చేతులు ఊపుతూ ఏదో చెప్తూనే ఉండేవాడు, కొమురెల్లి తల ఊపుతూనే ఉండేవాడు.

నలభై ఎనిమిదిలో, భాద్రపద మాసంలో, హైదరాబాదు మీదికి యూనియన్ పటాలాలు వచ్చినప్పుడు లక్సెట్టిపేట నుంచి సంచి రావడం ఆగిపోయింది. "టప్పా బంద్, ఇంట్ల కూసో" అన్నారు కొమురెల్లిని. ఒకరోజు కూర్చున్నాడు. రెండోరోజు కాళ్లు నిలవలేదు. వట్టి చేతులతో మద్దిచెట్టు దాకా నడిచాడు. తొర్రలో అంబదాస్ కూర్చుని ఉన్నాడు.

"సంచి లేదు గద బావా, ఎందుకొచ్చినవ్?"

"నువ్వెందుకొచ్చినవ్ రే?"

ఇద్దరూ తొర్రలోనే కూర్చుని చుట్టలు ముట్టించుకున్నారు.

"రాజ్యం మారిందంటున్నరు" అన్నాడు కొమురెల్లి.

"మారనీ. ఎవని రాజ్యమైనా జాబులైతే రాసుకుంటరు గద" అన్నాడు అంబదాస్. అలా పదకొండు రోజులు వట్టి చేతులతోనే వచ్చి పోయారు. తర్వాత సంచులు మళ్లీ కదిలాయి. ఇంకో రెండేళ్లకు ముద్రలు మారాయి, స్టాంపుల మీద బొమ్మలు మారాయి. బాట మాత్రం అదే.

యాభై నాలుగులో కొమురెల్లికి చలిజ్వరం వచ్చింది. కప్పిన గొంగడి కింద పండ్లు కొట్టుకుంటుంటే సంచి సంగతి తలుచుకునే తెలివి కూడా లేదు. ఆనాడు మిట్టమధ్యాహ్నం దాకా చెట్టు కింద కాచి, ఏదో జరిగిందని అంబదాస్ తన హద్దు దాటి మొట్టమొదటిసారి సింగారం వచ్చాడు. కొమురెల్లి భార్య బుచ్చవ్వ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. పొడుగాటి మనిషి గజ్జెల బల్లెంతో గుమ్మం ముందు నిలబడి, "కొమ్రెల్లి భావు ఇల్లు గిదేనా బహిణీ?" అని అడిగాడు.

"బహిణి అంటే ఏంది?" అంది బుచ్చవ్వ.

"చెల్లె."

బుచ్చవ్వకు తోబుట్టువులు లేరు. తల్లీదండ్రీ ఎప్పుడో పోయారు. ఆమె చేట కింద పెట్టి లేచి నిలబడింది. ఆ పూట ఆయనకు జొన్నరవ్వతో గట్క వండి, మజ్జిగ పోసి, పచ్చి ఉల్లిగడ్డ పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. మర్నాటి నుంచి కొమురెల్లి లేచేదాకా ఎనిమిది రోజులు అంబదాస్ రెండు హద్దులూ తనే నడిచాడు. రోజుకు పదకొండు కోసులు. ఈ సంగతి పై వాళ్లెవరికీ తెలియదు. బుచ్చవ్వ మాత్రం అప్పటి నుంచి "మా అన్న" అనే అనేది.

యాభై తొమ్మిదిలో అవతలి వైపు నుంచి పిప్రికి కంకర రోడ్డు పడింది. సంచి బస్సులో వస్తుందని చెప్పి ఉప్పుబాట టప్పాను ఎత్తేశారు. చివరిరోజున చెట్టు కింద ఇద్దరూ సంచులు మార్చుకున్నారు. ఆనాడు అంబదాస్ కూడా పెద్దగా మాట్లాడలేదు.

"ఇంటికి వస్తనంటివి గద" అన్నాడు లేస్తూ.

"వస్త బావా. ఇప్పుడు పనేముంది, రేపో మాపో వస్త."

ఆ రేపు, మాపు ఎలా జారిపోతాయో అందరికీ తెలిసిందే. ఉన్న రెండెకరాల చెలక దున్నుకోవాలి. ఒక కొడుకు బెల్లంపల్లి బొగ్గుబాయిలో చేరాడు, రెండోవాడి పెండ్లి. ఒక ఏడు వానలు లేవు, ఒక ఏడు ఎద్దు చచ్చింది. మొదటి ఏడాది కొమురెల్లికి పొద్దున్నే మెలకువ వచ్చి కాళ్లు చెప్పుల కోసం వెతుక్కునేవి. తర్వాత అదీ మానాయి.

అరవై ఒకటి ఎండాకాలంలో కార్డు వచ్చింది. పోస్టాఫీసులో ఉన్నాయన అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "పేరు, ఊరు ఇంగ్లీషుల రాసిండ్రు కనక నీదని తెలిసింది. లోపలంతా మరాఠీ. నాకు రాదయ్యా" అని చేతిలో పెట్టాడు. కొమురెల్లికి ఏ అక్షరమూ రాదు. అయినా కార్డు పట్టుకుని ఇంటికి వచ్చేటప్పుడు ఆయన నడక చూసి ఊళ్లో ఇద్దరు ముగ్గురు, "ఏమైంది కొమురెల్లీ, గంత ఖుషీగున్నవ్?" అని అడిగారు.

"మా బావ జాబు రాసిండు."

"ఏమని?"

"ఏముంటది, అందరం బాగున్నం అని."

బుచ్చవ్వ, "ఎవరితోనన్న చదివించరాదు?" అంది. పేటకు పోతే చదివేవాళ్లు దొరుకుతారు. కానీ కొమురెల్లికి మనసు రాలేదు. పద్దెనిమిదేళ్లలో ఆయన ఒకరి జాబు ఇంకొకరి చేతికి ఇచ్చినవాడు కాడు. తన జాబును ఎవరో ముక్కూ మొగం తెలియనివాడు గట్టిగా చదవడం ఆయనకు ఇష్టం కాలేదు. "ఎట్లైనా నేనే పోత గద. ఆయనతోనే చెప్పించుకుంట" అని దూలం సందులో దాచాడు.

అరవై ఆరు మాఘంలో సింగారం బడికి దేవదాస్ అనే పంతులు బదిలీ మీద వచ్చాడు. బాసర అవతలి వాడు, చిన్నప్పుడు మరాఠీ బడిలో చదువుకున్నవాడు. కొమురెల్లి ఇంటి పక్కనే అద్దెకు దిగాడు. మెత్తటి మనిషి. ఒక సాయంత్రం బుచ్చవ్వ దగ్గర మజ్జిగ తాగుతూ మాటల్లో తన మరాఠీ సంగతి చెప్పాడు. బుచ్చవ్వ మొగుడి మొగం చూసింది. మొగుడు దూలం వంక చూశాడు. ఆమే పీట వేసుకుని కార్డు దించింది.

పంతులు ఒకసారి లోలోపల చదువుకుని, తేదీ చూసి, "ఇది ఎప్పుడు వచ్చింది తాతా?" అని అడిగాడు.

"ఐదేండ్లాయె."

పంతులు కాస్త తటపటాయించి తెలుగులో చెప్పాడు. "మా గంగుబాయి పెండ్లి వైశాఖంల పౌర్ణమికి కుదిరింది. చెల్లెనూ, నువ్వూ తప్పకుండ రావాలె. చెల్లె మూడు కోసులు నడిచి అలిసిపోతది కనక ముందురోజు పొద్దున నేను బండి కట్టుకుని మద్దిచెట్టు కాడికి వస్త. మీరు వచ్చేదాక అక్కడనే ఉంట. నువ్వు రాకపోతే బిడ్డకు మామ వరుస ఎవరు నిలవడుతరు?"

కొమురెల్లి కార్డు తీసుకుని తడిమాడు. అందులో ఎక్కడ మద్దిచెట్టు ఉందో, ఎక్కడ గంగుబాయి ఉందో ఆయనకు తెలియదు. "ఎంతసేపు చూసిండో" అన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు బుచ్చవ్వ పెట్టె తీసింది. కరీంనగరం వైపు నేసిన జరీ అంచు చీర ఒకటి కోడలి కోసమని కొని పెట్టింది. అది తీసింది. ఐదు సోలల బియ్యం పసుపు కలిపి మూట కట్టింది. ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికె గుడ్డ సర్దింది.

"ఏందివన్నీ?"

"ఆడబిడ్డ లేని ఇల్లు మనది. పెండ్లైన బిడ్డకు ఒడిబియ్యం పోసే రాత లేదనుకున్న. ఉన్నదాన్ని ఐదేండ్లు దూలంల దాచినవ్" అంది. "రేపు పోతున్నం. ఇరవై అయిదేండ్లకెల్లి నీ నోట మద్దిచెట్టు మద్దిచెట్టు అని వింటున్న, సవతి ముచ్చట విన్నట్టు. గదెట్లున్నదో చూస్త."

చల్లపొద్దున బయలుదేరారు. అడవిలో టేకాకులు రాలి బాట మీద బొంతలా పరిచి ఉన్నాయి. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. మోదుగులు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి. ఏడేళ్లుగా టప్పా నడవకపోయినా పశువులూ కట్టెలవాళ్లూ తిరుగుతూనే ఉన్నారు కనుక బాట చెరగలేదు. కొమురెల్లి మొదట బుచ్చవ్వతో సమంగానే నడిచాడు. కాసేపటికి తనకు తెలియకుండానే పాత వేగం అందుకున్నాడు. వెనక నుంచి ఆమె, "సంచి లేదు నీ భుజాన, పెండ్లం ఉన్నది ఎనక, జర ఆగు" అని కేకేసింది.

అప్పటి నుంచి ఆగి ఆగి చూపించాడు. లంబాడీలు తవ్వించిన మెట్లబావి. దాని రాళ్ల మీద తాడు ఒరుసుకుపోయిన గాట్లు. ఎద్దుల మందలు దించుకునే చదును. తనకు ఎలుగు ఎదురుపడిన మూల మలుపు. "గిక్కడ నిలవడ్డ. గదక్కడ నిలవడ్డది. ఇద్దరికీ తొందర పని ఉన్నది" అన్నాడు. బుచ్చవ్వ నవ్వింది. ఇంత మాట్లాడే మొగుణ్ని ఆమె ఇంట్లో చూడలేదు. చెట్టు కింద విన్నవాడు బాట మీద మాట్లాడుతున్నాడనిపించింది ఆమెకు. ఆమె చేతిలోని ఒడిబియ్యం మూట తనకిమ్మని అడిగాడు. ఇవ్వలేదు.

కానీ చెట్టు దగ్గరపడుతున్న కొద్దీ ఆయన మాట తగ్గిపోయింది. బాట చివరి వంపు తిరిగింది. తెల్లటి మాను కనిపించింది.

బుచ్చవ్వ తల ఎత్తి చూస్తూ చాలాసేపు నిలబడింది. మూట కింద పెట్టి, ఒక చెయ్యి మానుకు ఆనించింది. "గింత చల్లగున్నదేంది" అంది. తర్వాత చుట్టూ తిరిగి వచ్చింది. తిరిగి రావడానికి బాగానే సేపు పట్టింది. "నువ్వు చెప్పిన దానికంటే పెద్దగనే ఉన్నది" అని ఒప్పుకుంది.

తొర్ర అలాగే ఉంది. లోపల ఎవరో కట్టెలవాళ్లు పెట్టిన మూడు పొయ్యిరాళ్లు. మోకు లేదు, అది కట్టిన చోట మాను మీద నల్లటి చార మాత్రం మిగిలింది. ఇద్దరూ నీడలో కూర్చుని జొన్నరొట్టె, కారం తిన్నారు. పైన పాత రెక్కల కాయలు గాలికి గలగలమంటున్నాయి. కొమురెల్లి సగం రొట్టె చేతిలో పెట్టుకుని వాగు వంక చూస్తున్నాడు. ఐదేళ్ల కింద ఒక వైశాఖం పొద్దున, ఇదే చోట, బండి కట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. బాట వంపు వైపు చూస్తూ కూర్చున్నాడు. బిడ్డ పెండ్లి పనులన్నీ ఇంటి దగ్గర పెట్టుకుని, ఎండ నెత్తికెక్కేదాకా ఉండి ఉంటాడు. ఎద్దులకు నీళ్లు తాపి ఉంటాడు. మళ్లీ చూసి ఉంటాడు. ఒకప్పుడు కొమురెల్లి రాకపోతే ఏదో జరిగిందని ఇంటిదాకా వచ్చిన మనిషి. ఆ రోజు మాత్రం రాలేకపోయాడు, పెండ్లి ఇల్లు కదా.

"బుచ్చీ, ఏమని అడుగుతడో" అన్నాడు.

"అడగనీ. తిట్టనీ. అన్న తిడితే పడాలె" అంది. చెయ్యి కడుక్కుని లేచింది. "నడువు, వాగు దాటుదాం."

వాగులో నీళ్లు మోకాలికి తక్కువే. కొమురెల్లి గట్టు దిగి నీళ్ల అంచున ఆగిపోయాడు. పద్దెనిమిదేళ్లలో వేల సార్లు ఈ గట్టుకు వచ్చాడు. అవతలి గట్టు మీద ఒక్క అడుగూ వెయ్యలేదు. అవతల కూడా అవే టేకులు, అదే ఎర్రమట్టి. అయినా నీళ్లలో కాలు పెట్టేటప్పుడు ఎవరో వెనక నుంచి పిలుస్తారేమో అన్నట్టు ఒకసారి తిరిగి చూశాడు. బుచ్చవ్వ అప్పటికే చీర ఎత్తిపట్టుకుని సగం దాటింది.

పిప్రిలో ఇల్లు అడగవలసిన పని పడలేదు. ఊరి మొదట్లో చింతచెట్టు, చింతచెట్టు పక్క పిండిగిర్ని, గిర్ని వెనక నీలంరంగు తలుపు, వాకిట్లో తులసి. అన్నీ అంబదాస్ చెప్పినవే. కొమురెల్లి ఎప్పుడో వచ్చిపోయినవాడిలా తిన్నగా నడిచాడు.

వాకిట్లో అంబదాస్ నేల మీద కూర్చుని వెదురు చీల్చి బుట్ట అల్లుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది, వీపు వంగింది. తల ఎత్తి చూశాడు. ఒక క్షణం కత్తి ఆగింది. తర్వాత మళ్లీ తల దించి వెదురు చీల్చుకుంటూ లోపలికి కేకేశాడు. "సక్కూ, పాహుణే ఆలే. పాణీ దే." చుట్టాలు వచ్చారు, నీళ్లు ఇవ్వమని.

సక్కుబాయి చెంబుతో బయటికి వచ్చింది. ఎవరో ఆమెకు తెలియలేదు. నీళ్లు ఇచ్చి పక్కకు నిలబడింది.

"పెండ్లికి వచ్చినవా?" అన్నాడు అంబదాస్, తల ఎత్తకుండానే.

"వచ్చిన."

"పెండ్లైపోయింది."

"మొన్ననే తెలిసింది బావా."

"మొన్న తెలిసిందా? కార్డు నీకు చేరలేదా?"

"చేరింది. ఆ ఎండాకాలమే చేరింది. చదివేటోడు లేకపాయె. నువ్వు మరాఠీల రాయిస్తివి."

కత్తి కింద పడింది. అంబదాస్ తల ఎత్తాడు. "మరాఠీల?" అన్నాడు. మళ్లీ తనలో తను, "అరే, మరాఠీల" అన్నాడు. "మా బడి గురూజీకి చెప్పి రాయించిన. నేను చెప్తున్న, ఆయన రాస్తున్నడు. నీకు మరాఠీ రాదని నాకు యాదికే రాలే భావూ. పద్దెనిమిదేండ్లు మాట్లాడుకుంటిమి. నువ్వు ఏ భాషల మాట్లాడుతున్నవో నేనెన్నడు చూసుకోలే."

"నేను గూడ చూసుకోలే" అన్నాడు కొమురెల్లి.

"కోపం పట్టిన. ఐదేండ్లు నీ మీద కోపం పట్టిన. మద్దిచెట్టు కాడ పొద్దు తిరిగేదాక ఉన్న. బండి అద్దెకు ఇచ్చినోడు తిట్టిండు. వాపస్ వచ్చినంక సక్కుకు చెప్పిన, గా మనిషి పేరు నా ఇంట్ల తియ్యొద్దని."

"ఒట్టిదే" అంది సక్కుబాయి. ఎవరో ఆమెకు అప్పుడు తెలిసింది. "వారానికొకసారి ఆయనే తీస్తడు."

అంబదాస్ లేవబోయాడు, మోకాళ్లు సహకరించలేదు. కొమురెల్లి చెయ్యి అందించాడు. లేచిన మనిషి ఆ చెయ్యి వదల్లేదు. ఇద్దరూ ముసలివాళ్లు వాకిట్లో అలా చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. కళ్లు తుడుచుకోవడానికి ఎవరికీ ఒక చెయ్యి సరిపోలేదు.

గంగుబాయి అప్పుడు పుట్టింట్లోనే ఉంది, రెండో కానుపు అయి నెల దాటింది. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. బుచ్చవ్వ ఆమె దగ్గరికి పోయి గడ్డం పట్టుకుని, "నీ పాలపండ్లు ఎప్పుడు రాలినయో మాకు ఎర్కనే బిడ్డా" అంది. ఆ పిల్లకు తెలుగు అంతంత మాత్రం. తండ్రి చెప్తే అర్థమై నవ్వింది.

బుచ్చవ్వ మూట విప్పి పసుపు బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు చేటలో పోసేసరికి సక్కుబాయి దగ్గరికి వచ్చి చూసింది. "ఓటీ?" అంది ఆశ్చర్యంగా, ఒడి నింపడానికా అన్నట్టు. "ఇది ఓటీ భరాయ్‌చా?"

"ఒడి" అంది బుచ్చవ్వ. "ఒడిబియ్యం."

"ఓటీ" అంది సక్కుబాయి మళ్లీ, తన కొంగు పట్టి చూపిస్తూ. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకుని ఒకేసారి పీట కోసం పరుగెత్తారు. గంగుబాయిని తూర్పుముఖంగా కూర్చోబెట్టారు. కుంకుమ సక్కుబాయి తెచ్చింది, పసుపు బుచ్చవ్వ తెచ్చింది. జరీ అంచు చీర మీద వేసి, ఐదు దోసిళ్లు బియ్యం పోసింది బుచ్చవ్వ. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆమె ఒక ఆడపిల్ల ఒళ్లో బియ్యం పోయడం అదే మొదలు. పక్కన ఎవరో ఇరుగమ్మ మరాఠీలో ఏదో పాట అందుకుంది. బుచ్చవ్వ తనకు వచ్చిన తెలుగు పాట అందుకుంది. రెండూ కలవలేదు, అయినా ఎవరూ ఆపలేదు.

మూడు రోజులు ఉంచుకుని గాని అంబదాస్ కదలనివ్వలేదు. వచ్చేనాడు వాళ్లతోపాటు మద్దిచెట్టు దాకా నడిచి వచ్చాడు. కర్ర పట్టుకుని మెల్లగా నడిచినా దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆడవాళ్లు ఇచ్చిన ఇప్పపువ్వు మూట, జొన్నపిండి, గంగుబాయి చేసిన లడ్డూలు కొమురెల్లి భుజాన ఉన్నాయి. చెట్టు కింద చుట్టలు ముట్టించారు. బుచ్చవ్వ వాగులో కాళ్లు కడుక్కుంటూ వాళ్లను చూసింది. ఒకరు మాట్లాడుతున్నారు, ఒకరు వింటున్నారు. చుట్టలు ఆరిపోయిన సంగతి కూడా ఇద్దరూ చూసుకోలేదు.

ఆ తర్వాత దేవదాస్ పంతులు సింగారంలో ఉన్నంతకాలం కొమురెల్లి తెలుగులో చెప్పేవాడు, ఆయన మరాఠీలో కార్డు రాసేవాడు. అటు నుంచి వచ్చినవి చదివి వినిపించేవాడు. అందులో పెద్ద సంగతులేమీ ఉండేవి కావు. బర్రె ఈనింది, మోకాళ్లు నొప్పి, గంగుబాయి కొడుకు నడుస్తున్నాడు, అంతే. అరవై ఏడులోనూ అరవై ఎనిమిదిలోనూ మాఘమాసం రాగానే బుచ్చవ్వ మూట సర్దేది. ఊరి చివర నీళ్ల దగ్గర ఎవరైనా, "పొద్దున్నే ఏడికి బుచ్చవ్వా?" అని అడిగితే, "తల్లిగారింటికి" అని చెప్పి, ముందు పోతున్న మొగుణ్ని జర ఆగమని కేకేస్తూ నడిచేది.